ప్రేమ విందులో దుంప నూడుల్స్

మొన్న నల్లగొండలో కంటి దవాఖానకు పోయి వస్తూ, ఎండలో ఆటో కోసం నిలబడే ఓపిక లేక, ఎదురుగా ఉన్న పెద్ద కిరాణా దుకాణంలోకి కాస్త చల్లదనం కోసమని అడుగుపెట్టాను. రాగి సేమియాకూ కొర్ర అటుకులకూ నడుమ అరలో, నీళ్లలో మునిగి తెల్లగా మెలికలు తిరిగిన నూడుల్స్ పొట్లాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు మా కోడలు హైదరాబాదులో వెతికి వెతికి తెచ్చిన వస్తువు ఇప్పుడు ఉప్పూ పప్పుల పక్కన నిలబడి ఉంది. దుకాణంలోని అమ్మాయి దగ్గరికి వచ్చి, "షుగర్ ఉన్నోళ్లు తింటరమ్మా, పాస్తా లెక్క చేసుకోవచ్చు" అని వివరించబోయింది. తల ఊపుతూ విన్నాను గాని, నా మనసు అప్పటికే నార్కట్‌పల్లిలో మా చర్చి వెనక ఉండే రేకుల వంటపాకలోకి వెళ్లిపోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మా ఆయన అప్పటికి బస్సు డ్రైవరుగా రిటైరై ఇంట్లో ఉంటున్నారు. నా ఈడు వాళ్లకు షుగర్ ఎలా వస్తుందో చెప్పనక్కర్లేదు, పిలవని చుట్టంలా వచ్చి ఇక పోనంటుంది. మాత్రలకూ, పొద్దున నడకకూ, రాగి జావకూ ఆయన ఎదురు చెప్పలేదు. అన్నం తగ్గించమంటే మాత్రం ముఖం చిన్నబోయేది. దానికి తోడు, హైదరాబాదులో కొడుకు ఇంట్లో ఉన్న కొన్నాళ్లలో కోడలు చేసిపెట్టిన పాస్తా ఆయనకు ఎంత నచ్చిందంటే, ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో ఉపవాసముండి సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టని సంఘ పెద్ద, పాస్తా మాట వస్తే చిన్నపిల్లవాడిలా వంటింటి గడప దగ్గర తచ్చాడేవారు. అంతలో కాలి బొటనవేలికి పుండు లేచింది. డాక్టరు గట్టిగా చెప్పేసరికి అన్నమూ పాస్తా రెండూ ఇంట్లో ఆగిపోయాయి.

ఇంట్లో ఆగితే ఆగాయి, అసలు కష్టం చర్చిలో వచ్చింది. మా సంఘంలో నెలకొక ఆదివారం, రొట్టె ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల తరువాత, అందరూ కలిసి భోంచేసే ప్రేమ విందు ఉండేది. ఒక్కొక్క నెల ఒక్కొక్క ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్లు ఆ రోజు పొయ్యి ముట్టకూడదు, ముందు చాప మీద కూర్చుని కృతజ్ఞత చెల్లించాలి. వండేది మిగతా ఆడవాళ్లు. వాళ్లకు గడియారం అక్కర్లేదు, ఆరాధనే గడియారం. రెండో పాట అందుకోగానే ఎసరు పెట్టేవారు, వాక్యం చదివేటప్పుడు మాంసం పొయ్యెక్కేది, కానుకల సంచి తిరిగేటప్పుడు పప్పుకు తాలింపు పడేది, పాస్టరు అయ్యగారి ఆశీర్వాదం ముగిసేసరికి గంజుల మూతలు లేచేవి. ఆ పాకకు పెద్ద దిక్కు మా యారాలు, అంటే మా ఆయనకు వదిన. ఆమె గరిటె పట్టిన చోట ఇంకొకరి మాట నడిచేది కాదు.

ఆ బంతిలో అందరి ముందూ అన్నం ఆవిర్లు పోతుంటే, మా ఆయన ముందు నేను కట్టిచ్చిన డబ్బాలో జొన్నరొట్టె, ఆకుకూర. పక్కన కూర్చున్నవాళ్లు ప్రేమతోనే షుగర్ ఎంత ఉందని అడిగేవారు, డబ్బాలోకి తొంగి చూసేవారు, పాపం అనేవారు. ఆయన డబ్బా మూత సగం మూసుకుని తినేవారు. ఒక నెల ఆశీర్వాదం కాగానే లేచి ఇంటికి వచ్చేశారు. తరువాత ప్రసంగం నడుమే లేచారు. పాటలకు ఎప్పుడూ తానే వాయించే డోలక్‌ను ముట్టడం మానేశారు. ఆ తరువాత ఆదివారం మోకాళ్ల నొప్పి అన్నారు. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒకటే మాట చెప్పారు. "ఇన్నేండ్లు అందర్ని ఎక్కించుకొని పోయిన. గిప్పుడు నన్నొక్కన్నే నడుమల దించి బస్సు పోతున్నట్టున్నది."

వేలి పుండు కంటే ఆ మాటకు నేను ఎక్కువ భయపడ్డాను. బంతిలోంచి లేచినవాళ్లు మెల్లగా పాటలోంచీ ప్రార్థనలోంచీ కూడా లేచిపోవడం మా సంఘంలో కళ్లారా చూశాను. ఆయన విశ్వాసం చల్లారిపోతుందేమోనని మోకాళ్ల మీద ఎంత ఏడ్చానో దేవునికే తెలుసు.

జవాబు ఒక పొట్లంలో వచ్చిందని నేటికీ నమ్ముతాను. పండుగా పబ్బమూ లేని ఒక శనివారం కోడలు వచ్చి, ఆ తెల్లటి నూడుల్స్ నా చేతిలో పెట్టింది. కంద జాతి దుంప పిండితో చేస్తారట, నీళ్లూ పీచూ తప్ప పెద్దగా ఏమీ ఉండదట, షుగర్ పెంచదట. పొట్లం కత్తిరించగానే చేపల బుట్ట తెరిచినట్టు వాసన. నేను సేమియా అనుకుని ఎసట్లో వేసి, మెత్తబడుతుందని కాచుకుని కూర్చున్నాను. స్నానం చేసి వచ్చిన కోడలు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "అత్తమ్మా, గది పొద్దుగూకిందాక ఉడికిచ్చినా గట్లనే ఉంటది." బాగా కడిగి, వాసన పోయాక, నూనె లేని కడాయిలో తడి ఆరి కిచకిచమనే దాకా వేపి, విడిగా వండిన టమాటా, ఎల్లిగడ్డ, ఖీమాలో కలిపింది. దానికంటూ ఒక రుచి లేదు, మనం ఏ రుచి ఇస్తే ఆ రుచి పట్టుకుంటుంది. బైబిలులో, అరణ్యంలో నేల మీద పరుచుకున్న మన్నాను చూసి ఇదేమిటని ఒకరినొకరు అడిగిన జనం నాకు గుర్తొచ్చారు. మా ఆయన మొదటి ముద్దకు రబ్బరు దారం అన్నారు. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

వచ్చే నెల ప్రేమ విందు మా ఇంటి వంతు. ఆ రోజు అందరికీ ఇదే వండాలని నేను నిశ్చయించుకుని యారాలికి చెప్పాను. ఆమె చెంగు బొడ్లో దోపుకుని నా మీదికి వచ్చింది. "అన్నం లేకుంట విందేందే? ఇంటికాడ అడిగితే ఏం తిన్నమని చెప్పుకోవాలె, దారాలు తిన్నమనా?" అప్పుడు నేను డబ్బా సంగతి, బస్సు మాట, అన్నీ చెప్పాను. ఆమె బియ్యం చేట ముందుకు లాక్కుని, రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది. "అన్నం వండుత. కాని నా మరిది కడుపు నిండిందాక గంజు మీది మూత తియ్య. ఎవ్వలడిగినా సరే."

ఆ ఆదివారం వంతు మాది కాబట్టి ఆయనకు రాక తప్పలేదు. ముందు చాప మీద తల వంచుకుని కూర్చున్నారు. అందరికీ సరిపడా పొట్లాలు హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన కోడలు నా పక్కన కూర్చుంది. కడిగి వేపితే చాలునని నేను పాకలో అందరికీ చెప్పే వచ్చాను గాని, ఉడకకుండా కూడు అవుతుందంటే మా ఆడవాళ్లు ఎలా నమ్ముతారు? రెండో పాట అందుకోగానే అలవాటుగా ఎసరు పెట్టి పొట్లాలన్నీ అందులో గుమ్మరించారు. వాక్యం అయింది, ప్రసంగం అయింది, కానుకల సంచి తిరిగింది. అప్పుడు పక్క గుమ్మంలో యారాలు కనబడింది, ముఖం కందిపోయి, ఇంకా కాలేదన్నట్టు గరిటె అడ్డంగా ఊపుతూ. పొయ్యి ముట్టకూడనిదాన్ని, లేవలేను. మా అయ్యగారికి ఆ సైగలు అలవాటే. ఆశీర్వాదం ఆపి ఇంకొక పాట అందుకున్నారు. అది అయ్యాక మరొకటి. గుమ్మంలో గరిటె మళ్లీ ఊగింది, మరొకటి. ఎవరూ వాయించక పాట నీరసపడుతుంటే, మా ఆయన చెయ్యి మోకాలి మీద దరువు వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి గోడవారగా ఉన్న డోలక్‌ను మెల్లగా తన వైపు లాక్కున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. ఆ మోత వింటూ స్తుతించాను.

ఇంతలో కోడలు కట్టుబాటు మాట మరిచి పాకలోకి పరుగెత్తింది. గంజు దించి, నీళ్లు వంపి, కడాయిలో వేపేసరికి ఎల్లిగడ్డ వాసన ప్రార్థనలోకి వచ్చింది. అంతసేపు మరిగినా ఆ నూడుల్స్ చెక్కు చెదరలేదు.

బంతి సాగింది. యారాలు మొదటి గరిటె మా ఆయన విస్తరిలోనే వేసింది. "ఎంత మసలబెట్టినా మెత్తబడలే మరిదీ. అచ్చం నీ లెక్కనే ఉన్నది."

"మసలబెట్టింది నువ్వే గద వదినా. గందుకే బిగుసుకున్నది" అన్నారాయన. బంతి బంతంతా నవ్వింది. ఇదేం కూడని కొందరు, చేపల కంపు లేదులే అని కొందరు అంటూనే తిన్నారు. చివర కూర్చున్న ముసలాయన ఒకరు అన్నం ఏదని గొణిగితే, యారాలు చూసిన చూపుకు నీళ్లు తాగి ఊరుకున్నారు. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. తింటూ తింటూ ఎందుకో తలెత్తి ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశారు. ఏ విస్తరిలోనూ అన్నం మెతుకు లేదు. పాకలో మూత పెట్టిన గంజు పక్కన వదిన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయనకు అర్థమైంది. విస్తరి మడిచి వదిన వైపు తిరిగారు.

"నా కడుపు నిండింది వదినా. మూత తియ్యి, పాపం అందరు ఆకలి మీదున్నరు."

ఆ తరువాత ఆయన ఏ ఆదివారమూ మానలేదు. ఎవరి డబ్బాలో ఏముందో అడగడం కూడా సంఘంలో ఆగిపోయింది. కొన్నేళ్లకు ప్రభువు పిలిచేదాకా ఆయన బంతిలోనే ఉన్నారు.

ఇప్పుడు వంటపాక లేదు. దాని జాగాలో హాలు కట్టారు, వంట బయటివాళ్లు తెస్తారు, ఎవరికి కావలసింది వాళ్లు పళ్లెంలో పెట్టుకుని నిలబడి తింటారు. షుగర్ ఉన్నవాళ్లకు వేరే బల్ల ఉంది, దాని మీద జొన్నరొట్టె, ఆవిరి కూరలు, అప్పుడప్పుడు ఈ నూడుల్స్ కూడా. చక్కగా చేస్తారు, వాసన అసలే రాదు. నాకూ షుగర్ వచ్చింది కనుక ఆ బల్ల దగ్గరికే పోతాను. నాతోపాటు సగం సంఘం అక్కడే ఉంటుంది, ఎవరి ముఖమూ చిన్నబోదు. మంచి ఏర్పాటే, పిల్లలు ఎంతో ఆలోచించి చేశారు, వాళ్లను దీవించకుండా ఒక ముద్ద కూడా తినను. కాని ఆ బల్ల దగ్గర నా వంతు వచ్చేసరికి, అవతలి బల్ల దగ్గర గంజు మూత ఎప్పుడో లేచి, అన్నం అప్పటికే సగం అయిపోయి ఉంటుంది.