చింతపండుతో తోమిన కాణీ

వట్టి జగ్గయ్య అంటే గోదావరి వైనతేయ పాయ మీది రేవులో గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. తామరపువ్వు బిళ్ళల జగ్గయ్య అంటే మాత్రం అటు ఒడ్డువాళ్ళూ ఇటు ఒడ్డువాళ్ళూ ఇట్టే చెప్పేవారు. తొంభైల నడుమ, అక్కడ వంతెన ఇంకా పడని రోజులు. పడవ ఎక్కేవాళ్ళ దగ్గర రేవు డబ్బులు వసూలు చేయడం ఆయన పని. వేలంలో రేవు పాట పాడుకున్న ఆసామి ఇచ్చే జీతం మొగుడూ పెళ్ళాల తిండికి సరిపోయేది. పైన ఏ ఖర్చు వచ్చిపడినా దిక్కులు చూడాల్సిందే.

అందుకే ఆయన చూపు ఎప్పుడూ చిల్లర మీదే ఉండేది. ఇరవై పైసల ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది గుర్తుందా, పచ్చగా, ఒకవైపు తామరపువ్వుతో? దాన్ని కొట్టడం ప్రభుత్వం ఎప్పుడో మానేసినా, చిల్లరలో ఎక్కడో ఒకటి తగులుతూనే ఉండేది. శ్రావణ శుక్రవారం నాడు అలాంటివి నూటెనిమిది పెట్టి లక్ష్మీదేవికి పూజ చేస్తే మంచిదని మా ఆడవాళ్ళకి గట్టి నమ్మకం. జగ్గయ్య బిళ్ళ కనబడగానే పక్కకి తీసి, దాని బదులు తన జేబులోంచి ఇరవై పైసలు సంచిలో వేసేవాడు. ఆ బిళ్ళని రూపాయికి అమ్మేవాడు. దొంగ వ్యాపారం అనకండి, వెతికిన కళ్ళకి ఆ మాత్రం కూలి ఉండొద్దూ?

అందులో సగం కష్టం ఆయన భార్య సూరమ్మది. నల్లబడ్డ బిళ్ళలు అమ్మవారి ముందు ఎవరు పెడతారు? ప్రతి గురువారం ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని, చింతపండు గుజ్జూ పొయ్యి బూడిదా కొబ్బరి పీచుతో పట్టించి, డబ్బాలో ఉన్నవన్నీ తళతళలాడేలా తోమేది. పాపం, ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆ తళతళ ఆవిడకి కనబడేది కాదు. బొటనవేలితో తడిమి, మడ్డి పోయిందంటే మెరిసినట్టే అనుకునేది.

అమలాపురం కంటి డాక్టరు లోపల లెన్సు పెడితే చూపు వస్తుందన్నాడు. ఖర్చు వినగానే సూరమ్మ, కనబడినంత వరకు చాల్లెమ్మని లేచి వచ్చేసింది. ఆ మాట జగ్గయ్యకి ముల్లులా గుచ్చుకుంది. కనీసం ఒక్క కన్నయినా బాగుచేయించాలి, ఆయనకి ఇంకో ధ్యాస లేదు.

ఆ ఏడు ఆషాఢం చివర సంచిలోకి ఒక రాగి కాణీ వచ్చి పడింది. తెల్లదొరల నాటిది, రాజుగారి బొమ్మతో, చింతగింజ రంగులో ఉంది. పాత నాణేలు కూడబెట్టే సరదా ఉన్న దుర్గాప్రసాద్ గారని అమలాపురంలో ఒక బ్యాంకు గుమాస్తా ఉండేవారు. పడవ దాటుతూ ఆయన దాన్ని చూశారు. దాని మీదున్న ఏడాది కాణీ దొరకడం గగనమన్నారు. ఆయన చెప్పిన వెల వినగానే జగ్గయ్యకి భార్య కన్నే కళ్ళముందు మెదిలింది. వచ్చే ఆదివారం డబ్బు సర్దుకుంటానని, అందాకా దాన్ని గుడ్డతో కూడా తుడవొద్దని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

జగ్గయ్య దాన్ని కాగితంలో చుట్టి బిళ్ళల డబ్బాలోనే పెట్టాడు. ముందే చెబితే ఆపరేషన్ వద్దని భార్య మొండికేస్తుందని, డబ్బు చేతికొచ్చాకే చెబుదామనుకున్నాడు. కట్టుకున్నదాని దగ్గర దాపరికం ఎందుకయ్యా మహానుభావా! ఆదివారానికి ముందు గురువారం వస్తుందని కూడా తట్టలేదు ఆయనకి.

ఆదివారం పొద్దున్నే డబ్బా తెరిస్తే కాణీ కొత్త రాగిచెంబులా మెరుస్తోంది.

"అన్నీ తోమేనండి," అంది సూరమ్మ సంబరంగా. "కాగితంలో ఉన్నదే మా మొండిదండి. రెండుసార్లు రుద్దేను."

జగ్గయ్య కాణీని అటూ ఇటూ తిప్పాడు. చింతపండు పులుపుకి చిట్లిన ఆవిడ వేళ్ళు చూశాడు. బాగుందే అన్నాడు, అంతే.

అమలాపురంలో దుర్గాప్రసాద్ గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, ఉసూరుమంటూ కూర్చున్నారు. పాత నాణేనికి ఆ నలుపే విలువని, అది పోయాక ఉత్త రాగేనని చెప్పి, కాఫీ ఇప్పించి పంపారు. ఆయన మాత్రం ఏం చేస్తారు?

జగ్గయ్య ఆ వారమే బిళ్ళలన్నీ పూజసామాన్ల కొట్టాయనకి గుత్తగా ఇచ్చేశాడు. చాలకపోతే సైకిలూ అమ్మేశాడు. ఇంటికొచ్చి భార్యతో ఒక అబద్ధం ఆడాడు.

"నువ్వు రెండుసార్లు తోమేవే, ఆ బిళ్ళకే వచ్చిందే ఈ డబ్బంతా."

సూరమ్మ పొంగిపోయింది. తన చేతి కష్టంతో వచ్చిన డబ్బే కదాని ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఒక కంటికి చూపు వచ్చింది.

చూపొచ్చాక ఇల్లంతా సర్దడం మొదలుపెట్టింది. ఖాళీ అనుకున్న డబ్బా దులిపితే కాణీ బయటపడింది. బొటనవేలితో ఒకసారి తడిమిందంతే, తను రెండుసార్లు రుద్దింది, ఆయన అమ్మేశానన్నది ఇదేనని గుర్తుపట్టింది. జగ్గయ్య ఇక దాచలేక మొత్తం చెప్పాడు, సైకిలుతో సహా. సూరమ్మకి దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"ఒక్క మాట చెప్పుంటే నేను ముట్టుకునేదాన్నా అండీ?"

మూడోనాడు కాణీని పొయ్యి పైనున్న గూట్లో, పొగ తగిలేచోట పెట్టింది. ఆ తర్వాత ప్రతి గురువారం దీపపు కుందులూ చెంబులూ తోమేది గాని దాని జోలికి వెళ్ళేది కాదు. రేవులో జగ్గయ్య మళ్ళీ బిళ్ళలు ఏరడం మొదలుపెట్టాడు. కొత్తది ఏది దొరికినా ముందు ఆవిడ చేతిలో పెట్టి, తోమాలో వద్దో చెప్పేవాడు.

మళ్ళీ శ్రావణం వచ్చేసరికి కాణీ నల్లబడింది. సూరమ్మ దాన్ని తెచ్చి చూపించింది.

"ఇప్పుడు కొంటారా అండీ ఆయన?"

కొంటారేమోలే అనడానికి జగ్గయ్య నోరు తెరిచి, ఆగిపోయాడు.

"కొనరే. ఒకసారి పోయిన నలుపు మళ్ళీ రాదంట."

సూరమ్మ వాకిట్లోకి వెళ్ళి, కాణీని బాగైన కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"రాజుగారికి గడ్డం ఉందండి. ఇది కనబడ్డానికే కదా మనం ఇంత పడింది. ఉంచేసుకుందాం లెండి."