గౌరమ్మ ఒడిలో కారు తాళం

ఆ రోజుల్లో మా నాగర్‌కర్నూల్‌లో కార్లు లేవని కాదు గానీ, దూరం నుంచి బొత్తాం నొక్కితే తలుపులు తెరుచుకునే కారు మాత్రం మా డాక్టరమ్మ ఒక్కదానికే ఉందని మా దవాఖానలో అందరం నమ్మేవాళ్లం (నిజమో కాదో ఎవరూ ఊరంతా తిరిగి చూడలేదు). సబ్బుబిళ్లలో సగమంత నల్లటి బిళ్ల, దాని మీద బొత్తాలు, దానికే రింగుతో వేలాడే మామూలు తాళంచెవి. డాక్టరమ్మ మెట్లెక్కుతూ వెనక్కి చూడకుండానే చెయ్యి కాస్త ఎత్తేది, వెనకాల కారు ‘కుయ్’ మని బదులిచ్చేది. పెంచిన కుక్క కూడా అంత మర్యాదగా పలకదు. మనుషుల మాటే సరిగా వినని లోకంలో ఒక ఇనుప బండి ఆమె మాట వింటున్నదని నాకు ఆమె మీద గౌరవం, ఆ బిళ్ల మీద భయం పెరిగాయి.

నేను ఉప్పునుంతల దిక్కు నుంచి వచ్చి ఆయా పనిలో కొత్తగా చేరాను. అంతకు ముందు చెనక్కాయ చేలల్లో కూలికి పోవడం తప్ప వేరే పని ఎరగను. "పండుగ దాకా చూస్త. నమ్మకంగ చేస్తే ఉంచుకుంట, లేకుంటే నీ దారి నీది" అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నీడపట్టున పని, పైగా దవాఖాన వెనక ఉండటానికి గది. అది పోతే మళ్లీ చేలే గతి. అందుకని నమ్మకం ఎలా కనబడుతుందో అలా కనబడాలని నానా తంటాలు పడేదాన్ని. చేరిన కొత్తలోనే ఆమె బల్ల తుడుస్తూ ఆ నల్లబిళ్లను కూడా నమ్మకంగా గట్టిగా తుడిచాను. బయట కారు గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. ఒక రోగి గ్లూకోజు సీసా చేత్తో పట్టుకొని వీధిలోకి పరుగెత్తాడు. కంపౌండర్ భాయి వచ్చి నా చేతిలోంచి దాన్ని లాక్కొని, "అమ్మా తల్లీ, గా బిళ్ల దేవుని తీరు. దూరంకెల్లి మొక్కాలె, ముట్టొద్దు" అన్నాడు.

అలాంటిది, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం డాక్టరమ్మ ఆ దేవుణ్ణి తెచ్చి నా చేతిలోనే పెట్టింది. చెరువు గట్టు కింద కారు ఆపాం. ఆమె పట్టుచీర కట్టుకుంది, చీరకు జేబు ఉండదు. చేతిసంచి తెస్తే ఆట సాగదని ఇంట్లోనే వదిలేసి వచ్చింది. "నేను జర ఆడొస్త. ఇది నీ దగ్గర పెట్టుకో. తడవనీయకు, బొత్తాలు నొక్కకు, పడగొట్టకు" అని చెప్పి గుంపులో కలిసిపోయింది. ఆమె నన్ను నమ్మింది! నాకు ఒళ్లంతా పొంగింది. ఆ వెంటనే చెమటలు పట్టాయి.

ఎక్కడ పెట్టను? కొంగున ముడేశాను. ఒకసారి వంగి లేచేసరికి ముడి వదులైంది. రవికెలో దోపుకున్నాను. చప్పట్లు కొట్టగానే గట్టు కింద కారు ‘కుయ్’ మంది. గట్టు మీద రాయి కింద పెడదామంటే అంతమంది పిల్లలు తిరుగుతున్నారు. చేతిలోనే పట్టుకొని ఓ పక్కన నిలబడి ఉంటే ఏ గొడవా లేదు. (ఈ ఉపాయం నాకు ఆ మరునాడు పొద్దున తట్టింది.) కానీ నాకూ ఆడాలని ఉంది. కొత్త చీర, చుట్టూ పాట, కాళ్లు నిలవడం లేదు.

అప్పుడు వచ్చింది నాకా గొప్ప ఆలోచన. గుంపు నడుమ డాక్టరమ్మ వాళ్ల బతుకమ్మ నా నడుము ఎత్తున ఉంది. అందరి కళ్ల ముందు ఉండేది అదే, ఎవరూ చెయ్యి వేయనిదీ అదే. మా ఊళ్లో బతుకమ్మను నీళ్లలో వదిలే ముందు పసుపు గౌరమ్మను తప్పకుండా పైనుంచి తీసుకుంటారు, ఆ పసుపు పుస్తెలకు పూసుకుంటారు. కాబట్టి గౌరమ్మ పక్కనే తాళం పెడితే గౌరమ్మతో పాటు అదీ చేతికి వస్తుంది. బిళ్లను గుమ్మడాకులో చుట్టి, గౌరమ్మ వెనక తంగేడు పూలలోకి దోపి, మొక్కుకున్నాను. ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందా అని మురిసిపోతూ ఆటలో దూకాను. ఆ సాయంత్రం ఆడినట్టు నేను మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

పొద్దు వాలింది. నైవేద్యం పెట్టే సద్దుల గిన్నెలు దింపమంటే గట్టు అవతలికి పోయి వచ్చాను. వచ్చేసరికి డాక్టరమ్మ అత్తగారు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె, మోకాటి లోతు నీళ్లలో నిలబడి చేతులు జోడించి ఉంది. ఆమె ముందు బతుకమ్మ, కింది సిబ్బి పళ్లెంతో సహా, తేలుతూ పోతోంది.

"పెద్దమ్మా! గౌరమ్మను తియ్యలే?"

"ఎందుకు తీస్తమే? మా వనపర్తి దిక్కు గౌరమ్మను తల్లితోటే సాగనంపుతం. మీ ఊళ్లె ఇంట్లకు మల్ల మోసుకపోతరా ఏంది?" అని నవ్వింది.

సరిగ్గా అప్పుడే కంపౌండర్ భాయి సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. "మేడం, జల్ది! ఉప్పునుంతల నుంచి కాన్పు కేసు. పిల్ల అడ్డం తిరిగింది, తల్లి శానా పరేషాన్‌ల ఉంది." డాక్టరమ్మ ముఖంలో పండుగ మాయమైంది. నా వైపు చెయ్యి చాపింది. "తాళమియ్యి."

చెరువు వైపు చూపించాను.

"నీళ్లల్ల పడేసినవా?"

"లేదమ్మా. బతుకమ్మల పెట్టిన."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో గట్టు కింద కారు ‘కుయ్యో కుయ్యో’ మని లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ ఏడుపు అందుకుంది. బిళ్ల లోపలికి నీళ్లు పోయాయి కాబోలు. పాట ఆగిపోయింది, చప్పట్లు ఆగిపోయాయి, గట్టు మీది ఆడవాళ్లంతా ఒకసారి కారు వైపు, ఒకసారి నా వైపు తిరిగారు. "గౌరమ్మకు కారు కట్నం పెట్టిండ్రా ఏంది?" అని ఎవరో అన్నారు. ఆ నవ్వు చెరువు అవతలి దాకా పోయి తిరిగి వచ్చింది.

నేను కొత్త చీరతోనే నీళ్లలోకి దిగాను. "ఓ పిల్లా, సాగనంపిన గౌరమ్మను మల్ల గుంజుకొస్తవా? అరిష్టం!" అని పెద్దమ్మ కేకలు. "అత్తమ్మా, ఆడ ఒక తల్లి పానం మీదికొచ్చింది. గౌరమ్మ ఏం అనుకోదు" అని డాక్టరమ్మ. నాకు ఈత రాదు. అదృష్టం కొద్దీ మాదానితో సహా వదిలిన బతుకమ్మలన్నీ చెరువులోని తూటి పొదల దగ్గర చిక్కుకొని ఉన్నాయి. ఛాతీ లోతు నీళ్లలో ఒక బతుకమ్మను పట్టుకొని తవ్వాను. అది వేరే వాళ్లది. "అది మాది! దానిమీద చెయ్యి తియ్యి!" అని గట్టు నుంచి ఒకామె తిట్టింది. రెండో దాంట్లో చెయ్యి పెడితే గుమ్మడాకు తగిలింది. పసుపు ముద్దయిపోయిన తాళాన్ని తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె పట్టుకొంగుతో తుడిచి బొత్తాం నొక్కింది. కారు ఇంకా గట్టిగా ఏడ్చింది. మామూలు చెవితో తలుపు తెరిచింది, బండి కదిలింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

అలా మేము నాగర్‌కర్నూల్ బజారంతా కుయ్యోమంటూ దూసుకుపోయాం. దారి పొడవునా సిబ్బిలెత్తుకున్న ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. చౌరస్తాలో ఒక పోలీసాయన ఎవరో పెద్దమనిషి పోతున్నాడనుకొని సలాం కొట్టాడు. వెనక సీట్లో నేను, ఒళ్లో నీళ్లు, తల మీద తంగేడు పూలు. దారిలో డాక్టరమ్మ అన్నది ఒక్కటే మాట. "ఆ సలాం నీకే, తీసుకో."

దవాఖాన ముందు జీపు పక్కన మా ఊరి ముసలమ్మ ఒకామె నిలబడి ఉంది. కాన్పుకొచ్చినామె ఆమె కోడలు. నన్ను గుర్తుపట్టి, "నువ్వు మన దిక్కు పిల్లవే గద! ఏందే గట్ల తడిసినవ్?" అని అడిగింది. ఎన్ని తిట్లకైనా ఓర్చుకున్నాను గానీ ఆ ప్రశ్నకు తల ఎత్తలేకపోయాను. లోపలికి పోయే ధైర్యం లేక వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఆ తల్లికి ఏమన్నా అయితే ఆలస్యం నాదే. గదిలోని బట్టలు ఏ సంచిలో పడతాయో కూడా లెక్క వేసుకున్నాను. కంపౌండర్ భాయి కారు ముందు మూత ఎత్తి ఏదో తీగ పీకాడు. ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి ఇంకో ఏడుపు వినిపించింది. చిన్నది, గట్టిది.

తలుపు తెరుచుకుంది. "ఏదీ, ఆయా ఏది? పొడి బట్ట కట్టుకొని రా" అంది డాక్టరమ్మ. ఆమె ముఖం చూడకుండా పోయి నిలబడ్డాను. గుడ్డలో చుట్టిన ఆడపిల్లను నా చేతుల్లో పెట్టి, అలసిన గొంతుతో అంది. "గట్టిగ పట్టుకో. యాడ పెట్టకు."

ఆ మాటలో నవ్వు ఉందో కోపం ఉందో నాకు తెలియలేదు. పిల్లను మాత్రం యాడా పెట్టలేదు. ముసలమ్మ వచ్చి, "నా మనుమరాలినియ్యే" అంటే, "డాక్టరమ్మ చెప్పేదాంక ఇయ్య" అన్నాను. డాక్టరమ్మ ఆ బాలింతకు కుట్లు వేసి బయటికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. ఆమె నన్ను చూసి, పగలబడి నవ్వి, "ఇచ్చేయవే, ఇది వాళ్లదే" అంది. పండుగ దాటింది. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు.

చాలా ఏళ్లకు, నలభై దగ్గరపడ్డాక, అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్లో చదువు రాకపోవడం వల్లే ఆ బొత్తాల సంగతి తెలియలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. చదవడం వచ్చాక డాక్టరమ్మ సొరుగులో పడి ఉన్న ఆ పాత బిళ్లను అడిగి తీసి, కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. దాని మీద అసలు అక్షరాలే లేవు. ఒక తాళం బొమ్మ, ఒక గంట బొమ్మ. చదువు లేని మనిషి కోసమే చేసినట్టు! ఇక ఆ సాకు కూడా పోయింది. గీతల్లో ఇంకా పసుపు ఉంది. గోటితో గీకబోయి ఆగాను. ఉండనీ అనుకొని, నన్ను చూసి నేనే నవ్వుకుంటూ, ఈసారి తిన్నగా డాక్టరమ్మ చేతికే ఇచ్చాను.