శ్రీలంకలో జీలుగు బెల్లం, నేను కట్టిన మూడో రకం

శ్రీలంక గురించి నేను చదివిన పుస్తకాలు ఒక అలమర నిండా ఉన్నాయి. దేవరాపల్లిలో చెరకు పండించే మా బావ సూరప్పడు ఒకరోజు వాటిని చూసి, "ఇన్ని సదివేవు, ఒక్కసారైనా ఎల్లేవేటి? నీకు పైరంగు సూడ్డవే తెలుసు" అన్నాడు. ఆ మాట పుస్తకాల గురించి కాదు. అనకాపల్లి మార్కెట్లో చాలా ఏళ్లు బెల్లానికి రకం కట్టింది నేనే. ఒక ఏడు అతని దిమ్మలు నల్లగా ఉన్నాయని మూడో రకంలో పడేశాను. తెల్లబడ్డానికి పాకంలో మందు కలపలేదు, అదే తన తప్పా అని అతను. మార్కెట్టు చూసేది రంగునే అని నేను. అప్పట్నుంచి అతను నా చేతి బెల్లం ముక్క ముట్టలేదు. సరే, ఇద్దరం వెళదాం, ఎవరికెంత తెలుసో తేలిపోతుందన్నాను.

టిక్కెట్ల ఏజెంటు మా వయసు చూసి టూరు బస్సే మేలన్నాడు. అతని మాట వినకపోవడం నేను చేసిన మొదటి మంచి పని. అనకాపల్లిలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నకి చెన్నై, అక్కణ్ణుంచి గంటన్నర లోపే కొలంబో. వీసా దిగాక ఇస్తారు. తిరుగు టిక్కెట్టు చేతిలో ఉంచుకోండి. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫోర్టులో, అంటే కొలంబో పెద్ద స్టేషన్లో, క్యాండీ రైలెక్కాం. రెండో తరగతి చాలు, కుడివైపు కూర్చోండి, లోయలన్నీ అటే. శ్రీలంకంటే సముద్రపు ఒడ్డే అని రాసేవాళ్లు ఈ రైలెక్కి ఉండరు. బావ కిటికీ వదల్లేదు. "మన పాడేరు ఘాటీకి రైలేసినట్టుంది బావా" అన్నాడు.

క్యాండీలో భోజనం వాళ్ల రూపాయల్లో నూటయాభై. అన్నం, నాలుగు కూరలు, కొబ్బరి పచ్చడి. తర్వాత సెల్వం అనే ఆటో డ్రైవరు ఎనిమిది వందలకు సాయంత్రం దాకా తిప్పుతానన్నాడు. మద్రాసులో రెండేళ్లు పనిచేసినప్పటి నా తమిళం అతనితో సరిపోయింది. మన ఏజెన్సీ కొండల్లో కల్లు తీసే జీలుగు చెట్టుకే ఇక్కడ రసం తీసి బెల్లం కాస్తారు. ఆ పని చేసే ఒక ఇంటికి తీసుకెళ్లాడు.

ఇంటావిడ పాలూ పంచదారా లేని టీ ఇచ్చి, పక్కన సాసరులో బెల్లం ముక్కలు పెట్టింది. ముక్క కొరికి టీ తాగడం అక్కడి పద్ధతి. నేను అలవాటు కొద్దీ ముక్క విరిచి, వెలుగుకేసి పట్టి, "మూడో రకం" అన్నాను.

"ఆవిడికి సెప్పు మరి" అన్నాడు బావ.

రంగు బాగా నలుపని సెల్వంతో అన్నాను. అతను సింహళంలో చెప్పాడు. ఆవిడ నవ్వి ఏదో అంది. సెల్వం ఆ మాటను తమిళంలోకి మార్చాడు: "రంగు లేతగా ఉంటే పంచదార కలిపారని మేం కొనం. పెద్దాయన నోట్లో పెట్టుకోకుండానే ఎలా చెప్పాడని అడుగుతోంది."

"ఏటంటంది?" అన్నాడు బావ.

అతనికి తమిళం రాదు. టీ బాగుందా అని అడుగుతోందని చెప్పేస్తే సరిపోయేది. ముక్క నోట్లో వేసుకున్నాను. పొగ వాసన, తేనె మందం, చివర్న సన్నటి చేదు. అన్నేళ్లలో నా బల్ల మీదికొచ్చిన ఏ దిమ్మనూ నేను రుచి చూడలేదు. ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు బావకి చెప్పాను.

బావ సాసరులోని నల్లటి ముక్కల్ని వంగి చూశాడు. "నాదీ ఇలాగే ఉండేది" అన్నాడు. సాసరు తీసి అతని ముందు పట్టాను. నా చేతి నుంచే ఒక ముక్క తీసుకున్నాడు. నమిలి, "ఊరెళ్లేక ఇదంతా రాసి పెట్టు. నీ రాత నలుగురూ సదువుతారు గదా" అన్నాడు.

అందుకే రాశాను. మార్కెట్లో నాతో దెబ్బలాడినవాళ్లలో చాలామంది గురించి నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఒక్కడి విషయంలో మారింది. దానికి సముద్రం దాటాల్సి వచ్చినందుకు బాధేమీ లేదు. మీరు వెళ్తే జీలుగు బెల్లం రైల్వే స్టేషన్ల దగ్గర కొనకండి, కాచే ఇంట్లోనే కొనండి. కొబ్బరి చిప్పలో పోసిన అచ్చును ఎండుటాకులో చుట్టి ఇస్తారు. కొనేముందు ఒక ముక్క అడిగి తినండి. రంగు తర్వాత చూడొచ్చు.