రెండో డబ్బా మంచినీళ్లు

రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున మా ఊరు. మా ఆయన వేటకు పోయేటప్పుడు పడవలోకి రెండు డబ్బాల మంచినీళ్లు నేనే నింపి ఇచ్చేదాన్ని. ఒకటి వాళ్లకు, రెండోది ఎదురుపడిన వాళ్లకు. సముద్రం మీద నీళ్లడిగిన వాళ్లను ఎవరు, ఎక్కడివాళ్లు అని అడగకూడదు. నేను కాపురానికి రాగానే మా అత్తగారు చెప్పిన మొదటి సంగతి అదే.

లంకలో యుద్ధం జరుగుతున్న రోజులు. ఎవరెవరో పడవల్లో వచ్చి మన ఒడ్డున దిగుతున్నారని పుకారు. అప్పుడే మా ఆయన అరవం మాట్లాడే నలుగురికి నీళ్లిచ్చి వచ్చాడు. దాచేదేముందని ఒడ్డున అందరికీ తనే చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా పోలీసులు పిలిపించారు.

"మన అరవం వాళ్లా, లంక వాళ్లా?"

"దాహమేసిన వాళ్లండి," అన్నాడట.

పడవ ఒడ్డున కట్టించేశారు. మా తగువులన్నీ తీర్చే కులపెద్ద వెళ్లి, "మావాడేనండి, మంచోడండి" అన్నాడు. "ముందు నువ్వెవరివో చెప్పు తాతా" అన్నారట. ముసలాయన ఆ తర్వాత ఏ తగువుకీ వచ్చి కూర్చోలేదు. చివరికి మా ఊరి ఐసు ఫ్యాక్టరీ ఆయన పూచీ కాగితం మీద సంతకం పెడితే పడవ వదిలారు. అప్పట్నుంచి ఊళ్లో ప్రతి పడవకూ ఆయన సంతకమే కావలసి వచ్చింది. తాతల నాటి నుంచి అక్కడే పుట్టి అక్కడే పోతున్నాం, మేం ఈ దేశం వాళ్లమని ఇంకొకరు రాసివ్వాలని మాకు తెలియదు.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. తెనాలి బజారులో చేపల గంప దించితే ఒకావిడ అడిగింది.

"మీ ఊళ్లో ఎవరెవరు నిలబడ్డారే?"

"ఐసు ఫ్యాక్టరీ ఆయనొక్కరేనండి. ఇంకోళ్లు నిలబడితే వాళ్ల పడవ కదలొద్దూ?"

ఆ ఏడే ఒక మధ్యాహ్నం పడవ కడుగుదామని ఎక్కాను. రెండో డబ్బా నిండుగా ఉంది.

"ఎవరూ ఎదురుపడలేదా ఏంటి?"

"పడ్డారే. చొక్కా విప్పి ఊపారు."

"మరి?"

"పడవ తిప్పేశాను. మళ్లీ ఒడ్డున కట్టేస్తే పిల్లలకేం పెడతావు?"

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు నీళ్లు నింపుతుంటే, "ఒకటి చాల్లే" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఒకటే నింపాను. రెండోదాన్లో చేపలకేసే ఉప్పు పోసుకున్నాను.