ఇత్తడి చెంబులా తోమిన పళ్ళు

పళ్ళు పుచ్చిపోవడం సహజం. దెబ్బ తగిలి రాలిపోవడం దురదృష్టం. కానీ బంగారంలాంటి వైద్యుడొకాయన ప్రాణం పెట్టి సరిచేస్తున్న పళ్ళను, ఆ పళ్ళ యజమానే పెరట్లో చతికిలబడి, చెమటోడ్చి మరీ పాడుచేసుకోవడాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ యజమానిని నేనే. చదవబోయేవాళ్ళు ముందు నాలుకతో తమ పళ్ళు ఒకసారి తడిమి చూసుకుని, ఉన్నందుకు సంతోషించి, ఆ తర్వాత ముందుకు సాగవలసిందిగా మనవి.

అప్పట్లో మేము నేరేడ్‌మెట్‌లో ఉండేవాళ్ళం. నాన్న గుంటూరు వైపు నుంచి మిషన్ బడి పంతులుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో మిగిలింది అమ్మ, బడిలో పాఠాలు చెప్పే మార్తక్క, ఒక ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరిన నేను. నా పై పళ్ళు నాకంటే ముందు నడిచేవి. నేను వీధి మలుపు తిరిగేలోపు అవి తిరిగి, అవతలివాళ్ళను పలకరించేవి. పెదవులు మూసుకోవడం నావల్ల అయ్యేది కాదు. ఆదివారం గుడిలో వాక్యం చదివితే నా నోటి తుంపర్లతో ముందు బెంచీవాళ్ళకు రెండోసారి బాప్తిస్మం అయ్యేది. పాస్టరుగారు పెద్దమనిషి, పల్లెత్తు మాట అనలేదు. చదివే పని మాత్రం మెల్లగా ఇంకొకరికి అప్పగించారు. ఆ రోజు ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. దిండుకు కూడా పళ్ళు గుచ్చుకున్నాయి.

నన్ను డాక్టర్ రాజలింగంగారి దగ్గరికి తీసుకెళ్ళింది మార్తక్కే. యుద్ధకాలంలో ఆయన బొల్లారం మిలిటరీ ఆసుపత్రిలో పళ్ళ వైద్యం చేసి, తెల్లదొరలు వెళ్ళిపోయాక మోండా మార్కెట్ దగ్గర ఒక గదిలో కుర్చీ వేసుకున్నారు. తక్కిన పళ్ళ డాక్టర్లు పీకడంలో పేరు తెచ్చుకుంటే, ఆయన పీకననడంలో పేరు తెచ్చుకున్నారు. నా నోరు చూసి, "చేస్త. తీగలు బొంబాయికెల్లి రావాలె" అన్నారు. అప్పుడు సంస్థానం చుట్టూ దిగ్బంధం, సరుకొచ్చే దారులన్నీ మూసి ఉన్నాయి. ఉప్పుకే గతిలేని రోజుల్లో పళ్ళ తీగలెక్కడివి? పోలీసు చర్య జరిగి, సైన్యం వచ్చి, రైళ్ళు మామూలుగా తిరగడం మొదలయ్యాక ఊళ్ళో ఒక్కొక్కరికి ఒక్కోటి వచ్చింది. నాకు తీగలు వచ్చాయి.

ఒక్కో పంటికీ ఒక్కో ఉక్కు కడియం తొడిగి, సిమెంటుతో అతికించి, వాటన్నిటి మీదుగా తీగ లాగి బిగించారు. ఆయన వేళ్ళు చూస్తుంటే నొప్పి మరిచిపోయేవాణ్ణి. మల్లెమొగ్గలు కట్టే చేతులు కూడా అంత సుతారంగా ఉండవు. పని అయ్యాక స్టూలు మీద కూర్చుని చెప్పారు:

"దావీదూ, మంచిగ విను బేటా. పన్ను మీద ఒక పూత ఉంటది. మీ ఇంట్ల పింగాణీ ప్లేటు ఉంటది కద, దాని మీది పూత లెక్క. ఎనామిల్ అంటరు. ఒంట్లె గంత గట్టిది ఇంకోటి లేదు. ఎముక సుత దాని ముందల బలాదూర్."

"అంత గట్టిదైతే ఇంక భయమేముంది డాక్టర్‌గారూ?"

"గంత గట్టిది పులుపుకు కరుగుతది, గదే భయం. ఎముక ఇరిగితె అతుక్కుంటది, ఇది పోతె మళ్ళ రాదు. ఈ కడియాల సందుల మెతుకులు ఇరుకుతయ్, పులుస్తయ్, పూతను తింటయ్. తిన్నప్పుడల్ల మెత్తటి బ్రష్షుతోని తోముకో. బొగ్గుపొడి బంద్, మిఠాయి బంద్. మళ్ళ వచ్చినప్పుడు చూస్త, కడియాలు మెరవాలె. పూత కరగబట్టిందా, మొత్తం ఊడబీకి ఇంటికి పంపుత. వంకర పన్నుతోని మనిషి బతుకుతడు. పూత పోయిన పన్నుతోని జిందగీ అంత పరేషాన్."

ఇంత ఓపికగా చెప్పిన మాటల్లో నా బుర్ర మోసుకొచ్చింది ఒక్కటే: మెరవాలె.

మొదట్లో బాగానే తోమాను. తర్వాత బద్ధకం వచ్చింది. ఆఫీసులో భోజనం కాగానే నలుగురి ముందు బ్రష్షు తీయడానికి సిగ్గు కూడా వేసింది. అమ్మ పెట్టే పప్పులోని పసుపంతా నా కడియాల చుట్టూ కాపురం పెట్టింది. డాక్టరుగారు రమ్మన్న రోజు దగ్గరపడింది. అద్దంలో చూసుకుంటే నా నోరు ఎవరో వదిలేసిపోయిన వంటపాత్రలా ఉంది.

క్రిస్మస్ ముందు రోజులవి. పెరట్లో అమ్మ ఇంట్లోని ఇత్తడంతా బయటవేసుకుని, నానబెట్టిన చింతపండు, జల్లించిన బూడిద పెట్టి కొబ్బరి పీచుతో తోముతోంది. నల్లగా వచ్చిన చెంబు తళతళలాడుతూ లేచింది. నేను చెంబు వంక చూశాను. చెంబు నా వంక చూసింది. అందులో నా పళ్ళు కనిపించాయి. లోకంలో గొప్ప గొప్ప ఆలోచనలు ఇలాగే పుడతాయని అనుకున్నాను. తెలివితక్కువ ఆలోచనలు కూడా సరిగ్గా అలాగే పుడతాయని అప్పుడు తెలియదు.

అమ్మ లోపలికి వెళ్ళగానే అదే చింతపండు, అదే బూడిద పెట్టి నా కడియాలు తోమడం మొదలుపెట్టాను. ఏం మెరుపు! కడియాలు కాదు, పెళ్ళివారి పెట్రోమాక్స్ దీపాలు! ఇంక రోజూ అదే పని. పళ్ళు జివ్వుమనేవి. శుభ్రం కావడమంటే అదేననుకున్నాను. కుండలో చల్లటి నీళ్ళు తాగితే నడినెత్తిన పిడుగు పడేది. తీగ పళ్ళను లాగుతోంది కాబోలని సంబరపడ్డాను.

"ఒరే దావీదూ, చింతపండు జాడీ ఇలా ఖాళీ అయిపోతోందేమిట్రా? చారు కూడా పెట్టలేదే!" అంది అమ్మ.

"పక్కింటి యాదమ్మగారు అడిగితే ఇచ్చానమ్మా."

అబద్ధమాడితే ఆడాను, కాస్త దూరపు మనిషి మీదైనా పెట్టాల్సింది. అమ్మ వెళ్ళి అడిగినట్టుంది, సాయంత్రానికి గోడ మీదుగా యాదమ్మగారి గొంతు మా పెంకులు ఎగరగొట్టింది.

"ఏందమ్మా సువార్తమ్మా! నీ చింతపండు నాకెందుకు? మా ఇంట్ల బస్త ఉన్నది! కావాల్నంటె నువ్వే గంపెడు తీస్కపో!"

అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నేను మంచం కింద దేనికోసమో చాలాసేపు వెతికాను. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే నా పళ్ళకూ, నాకూ మంచి జరిగేది. చెప్పలేదు. మర్నాడు నేనే మార్కెట్టుకు వెళ్ళి చింతపండు కొనుక్కొచ్చి, సగం జాడీలో వేసి, సగం దాచుకున్నాను.

డాక్టరుగారి దగ్గరికి మార్తక్క కూడా వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను.

"వాహ్!" అన్నారాయన. "ఏం మెరుస్తున్నయ్! ఏం పెట్టి తోముతున్నవ్ బేటా?"

"మీరు చెప్పినట్టే, మెత్తటి బ్రష్షు" అన్నాను వినయంగా.

ఆయన రబ్బరు బుడ్డితో పళ్ళ మీద కొంచెం గాలి ఊదారు. నేను కుర్చీలోంచి లేచి ఆయన భుజం పట్టుకుని వేలాడాను. ఆయన నవ్వు ఆగిపోయింది. భూతద్దం పెట్టి చూశారు. చిన్న పట్టకారుతో తీగ కిందినుంచి ఏదో లాగి వెలుతురులో పెట్టారు. సన్నటి ఈనె.

"గిదేంది? చింతపండు ఈనె కాదా? జెర చెప్పు."

నేను చెప్పేలోపు మార్తక్క బెంచీ మీంచి లేచింది. "ఓరి నీ దుంప తెగ! చింతపండు దొంగవి నువ్వా? పాపం, ఆ యాదమ్మగారు అమ్మతో ఇంకా మాట్లాడటం లేదురా!"

అంతా చెప్పేశాను. బూడిదతో సహా. డాక్టరుగారు ఒక కడియం తీసి నా చేతికి అద్దమిచ్చారు. చిగుళ్ళ పక్కన నిగనిగలాడాల్సిన పన్ను, సుద్దముక్కలా వెలిసిపోయి ఉంది.

"పులుపు మెత్తగ జేసింది, బూడిద గీకింది" అన్నారు నెమ్మదిగా. "పన్ను నేను సక్కగ జేస్త దావీదూ. పూత నాతోని కాదు. దేవుడు సుత ఒక్కసారే ఏసిండు. అన్ని తీసేస్త."

"వద్దు డాక్టర్‌గారూ! పెదవులు మూసుకోవడమే ఎరగను నేను. ఇదొక్కటే దారి" అని నిజంగానే చేతులు జోడించాను.

ఆయన కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ ఈనెను నా అరచేతిలో పెట్టి, "తప్పు నాది సుత ఉన్నది. మెరవాలె అన్న గని, దేంతోని తోమొద్దో అన్ని చెప్పలే" అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ తల వంచుతాను. తప్పంతా నాదైన చోట, ఆయన తనకూ కొంచెం చోటు అడిగారు.

కడియాలు తీసేసి పళ్ళకు విశ్రాంతినిచ్చారు. రోజూ ఆఫీసునుంచి వస్తూ ఆయన దగ్గర ఆగి, ఆయన ముందే తోముకోవాలని షరతు. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు నా చేయి పట్టుకుని దిద్దించారు, ఒక్క రోజూ విసుక్కోకుండా. ఈస్టరు దాటాక, పూత ఇంక కరగడం లేదని నమ్మకం కుదిరి, మళ్ళీ తీగ బిగించారు. పళ్ళు వరసలోకి వచ్చి కడియాలు ఊడే రోజుకు, సుద్ద గీతలాంటి మచ్చలు కొన్ని మిగిలాయి గానీ, పన్ను ఒక్కటీ పోలేదు. పోనివ్వలేదు ఆయన.

ఆ చివరి రోజు నేను కడియాలు తీయించుకుని, అక్క పక్కన బెంచీ మీద కూర్చున్నాను. కుర్చీలో కొత్తగా తీగలు వేయించుకున్న రైల్వే ఉద్యోగి ఒకాయనకు డాక్టరుగారు పాఠం చెప్తున్నారు.

"బొగ్గుపొడి బంద్, మిఠాయి బంద్. చింతపండు, బూడిద పెట్టి తోముడు సుత బంద్."

ఆ రైల్వే ఆయన నోటినిండా తీగలతోనే పగలబడి నవ్వాడు. "గట్ల తోమే పాగల్‌గాడు ఎవడన్న ఉంటడా డాక్టర్ సాబ్?"

డాక్టరుగారు నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఊరు పెద్దది. ఉండొచ్చు" అన్నారు.

"ఉండొచ్చేమిటండీ," అంది మార్తక్క, "ఇక్కడే కూర్చుంటేనూ!"

ఆ క్షణాన, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నా పెదవులు రెండూ పూర్తిగా మూసుకున్నాయి. డాక్టరుగారు అది చూసి, "అమ్మా, జెర ఆగు, ఇట్లనే ఉండనియ్యి, ఎంత మంచిగ కుదిరిందో చూడు!" అని మురిసిపోయారు.

కనుక పెద్దలందరి ఎదుటా ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. ఇకపై వైద్యుడు చెప్పిన మాటల్లో నాకు నచ్చినదొక్కటి ఏరుకుని తక్కినవి పారేయను. నా పాపాన్ని పొరుగింటి గోడ దాటించను. చింతపండును చారులో తప్ప మరెక్కడా కలుసుకోను. కలుసుకున్నా, వెంటనే నీళ్ళు పుక్కిలిస్తాను.