వీపు మీద పాప వేలు

దయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. బీయస్సీ చదివాను. రెండేళ్లు నిండుతున్నా మా పాప పిలిస్తే తిరగడం లేదని అత్తయ్య తాయెత్తు తెస్తే, వద్దని గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. రెండు చెవులూ బొత్తిగా వినపడవన్నారు. అయినా ఇంట్లో పాప వెనక నిలబడి స్టీలు పళ్లాలు కిందపడేసి చూస్తూనే ఉండేదాన్ని.

ఆ మార్చిలో నేను చదివిన స్కూలు వార్షికోత్సవానికి సరళ టీచర్ వచ్చారు. మాకు సంగీతం చెప్పిన ఆవిడ ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లి, పియానో వాయిస్తూ పాడే గాయనిగా పేరు తెచ్చుకున్నారు.

క్లాసులో ఆవిడ ఒక ఆట ఆడించేవారు. పాట మధ్యలో చెయ్యెత్తితే అందరూ నోరు మూసుకుని మనసులో పాడుకోవాలి. చెయ్యి దించగానే, పాట ఈపాటికి ఎక్కడికి చేరి ఉంటుందో అక్కడినుంచి అందుకోవాలి. ఆ రోజు స్టేజీ మీదా పిల్లలతో అదే ఆడించారు.

మేము హాలు చివర నిలబడ్డాం. పాప నా భుజం మీద తల వాల్చి వెనక గోడవైపు చూస్తోంది. నా వెనకే మావారు.

పాట సాగినంతసేపూ పాప కదల్లేదు. టీచర్ చెయ్యెత్తారు. పియానో ఆగింది. బయట కళ్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు ఎవరో దగ్గడం తప్ప చప్పుడు లేదు. అప్పుడు పాప వేలు నా వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, సమంగా, ఆ పాట నడకలోనే. పియానో మొదలవగానే ఆగిపోయింది.

రెండోసారీ అంతే. మూడోసారి మౌనం చాలాసేపు సాగింది. మనసులో నేనే పాట తప్పిపోయాను. వేలు తప్పలేదు.

"కదలమాకు," అన్నారు మావారు నా చెవిలో. ఆయనా చూశారు.

అయిపోయాక టీచర్‌కి చెప్పాను. నవ్వుతారనుకుంటే, కుర్చీలో కూలబడ్డారు.

"మూడోసారి నేనూ మర్చిపోయానమ్మా," అన్నారు. "మనసులో ఏమీ లేదు. చెయ్యి దించాలంటే భయమేసింది. ఇంతలో ఎవరో మెల్లగా కొడుతున్నట్టు వినపడింది. దాన్ని పట్టుకుని అందుకున్నా."

ఒంటి మీద వేలు తగిలిన నాకే చప్పుడు వినపడలేదు.

హాలు ఖాళీ అయ్యాక పాపను పియానో పక్కన ఎత్తుకుని నిలబడ్డాను. టీచర్ మళ్లీ వాయించారు, మళ్లీ ఆపారు. పాప నా గొలుసు నోట్లో పెట్టుకుంది, అంతే. తర్వాత చేయించిన పరీక్షలోనూ పాత మాటే.

ఇప్పుడు దానికి చేతులతో మాట్లాడటం నేర్పుతున్నాం. అయినా రోజూ నిద్రపుచ్చేటప్పుడు భుజాన వేసుకుని మనసులో ఆ పాటే పాడతాను. వేలు కదలదు. ఇందాక కూడా కదల్లేదు.

నేనూ టీచరూ ఇద్దరం దారి తప్పినప్పుడు, నా బిడ్డ ఎవరి పాట వెంట నడిచిందో నాకు ఈరోజుకీ తెలియదు.