తారు కింద గీత

తారు కాలే వాసన ఎక్కడ తగిలినా నాకు జూలూరుపాడు రోడ్డు పక్కన మెకానిక్ యాకూబ్ షెడ్డే గుర్తొస్తుంది. ఈ వేసవిలో ఖమ్మంలోని మా ఇంటి వెనక, రేకుల పందిరి కింద, నాన్న పాత అంబాసిడర్ కారును ఒక పక్కకు ఎత్తిపెట్టి, అడుగున గట్టిపడిన తారును మంటతో మెత్తబరిచి గీకుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి చెయ్యి ఆగిపోయింది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవుగా సాగే రేకు లోపలి నుంచి తుప్పు పట్టింది. దాన్ని తీసేసి కొత్తది వేయాలి. ఆ రేకుకు బోల్టులుండవు. కంపెనీలో రెండు రేకుల అంచులు కలిపి మిషన్‌తో నొక్కి, చుక్కలు చుక్కలుగా కరిగించి అతికిస్తారు. రంగు పోయేదాకా గీకితే ఆ చుక్కలు చిటికెనవేలి గోరంత గుంటలుగా, కుట్టు వేసినట్టు వరసగా కనబడతాయి. కింది రేకుకు తగలకుండా పై రేకు మాత్రమే తెగేలా ఒక్కో చుక్కనూ డ్రిల్ చేసుకుంటూ పోవాలి.

డ్రిల్ పెట్టే ముందు నాకొక సంగతి తేలాలి. ఈ రేకు కంపెనీది కాదని, యాకూబ్ అసలు రేకు కోసి అమ్ముకుని దాని చోట నూనె డ్రమ్ము రేకు అతికాడని చిన్నప్పటి నుంచి విన్నాను. వినడమే కాదు, పది మందికి చెప్పాను.

మాది గుంటూరు వైపు నుంచి మిర్చి వేయడానికి జూలూరుపాడుకు వలస వచ్చిన కుటుంబం. కొత్త చోట ఎవరినీ నమ్మకూడదనేది మా ఇంట్లో రోజువారీ పని. నాయనమ్మ గాదెలో బియ్యం చదును చేసి, పైన అరచెయ్యి అచ్చు వేసి మూత పెట్టేది. మర్నాడు అచ్చు చెదిరితే పనిమనిషి పని అయిపోయినట్టే. పెరుగు మీగడ మీద చెంచాతో గీత, కారం జాడీలో వేలితో సున్నా. చైత్రంలో అడవి మీదుగా ఇప్పపూల వాసన ఊళ్ళోకి మత్తుగా వచ్చేది, కోయ పిల్లలు దొప్పల్లో తునికిపండ్లు తెచ్చి అమ్మేవాళ్ళు, మేం కళ్ళాల్లో మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే ఆ పండ్లు చీకుతూ గోళీలాడేవాళ్ళం. అప్పుడు కూడా నాయనమ్మ దొప్ప అడుగున ఆకులు పెట్టారేమోనని బోర్లించి చూసేది.

శ్రీరామనవమికి అందరం కార్లో భద్రాచలం వెళ్ళేవాళ్ళం. ఒళ్ళో పానకం క్యాను, మోదుగాకుల్లో కట్టిన పులిహోర, కిటికీలోంచి వేడిగాలి. ఒక ఏడు తిరిగొస్తుంటే పాల్వంచ దాటాక టేకు దుంగల బండి ఒరుసుకుని ఎడమ పక్క తలుపుల కింది రేకు లోపలికి నొక్కుకుపోయింది. కారును యాకూబ్‌కు ఇచ్చారు. సొట్టలు తీయడంలో ఆ చుట్టుపక్కల అతనికి మంచి పేరు.

మా దిక్కున అప్పట్లో బండి షెడ్డుకిస్తే ఇంటి మనిషొకరు పక్కనే కూర్చునేవారు, సామాను మారుస్తారని. నాన్న తనే మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యాకూబ్ కొక్కెంతో సొట్ట లాగుతూ నవ్వాడు.

"సారూ, పొద్దుగాల నుంచి రెప్ప కొడ్తలేరు. నాకన్న మీకే ఎక్కువ పనైతుంది."

"రేకు విప్పుతావా?" అన్నాడు నాన్న.

"విప్పితే కంపెనీ అతుకు మల్ల రాదు సారూ. గా మిషన్ మన దిక్కు యాడుంది?"

నాన్నకు కుర్చీ ఒక్కటే చాలలేదు. బండి ఇచ్చే ముందే ప్రతి భాగం మీదా కనబడని చోట మేకుతో ఒక అడ్డగీత, దాని మీద రెండు నిలువుగీతలు గీసి ఉంచాడు. పని అయ్యాక ఇంటికొచ్చి ఒక్కొక్కటీ వెతికాడు. ఆ రేకు అడుగు అంచున గీత కనబడలేదు. అంచంతా నల్లగా తారు. నాన్న భోంచేయడానికి వెళ్ళిన కాసేపట్లో పూశాడన్నమాట. దాన్ని గీకి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

సంతరోజు టీ హోటల్ ముందు, జనంలో, నాన్న అతన్ని నిలబెట్టాడు.

"అడక్కుండా చేసిన పనికి అర్థవేంటయ్యా? దొంగతనం కప్పెట్టటానికి కాకపోతే!"

"తుప్పు పట్టకుండ పూసిన సారూ," అన్నాడు యాకూబ్. ఇంకేమీ అనలేదు. నేను నాన్న వెనకే ఉన్నాను. అతను మాట్లాడకపోవడమే నాకు పెద్ద సాక్ష్యంగా అనిపించింది. తర్వాత బళ్ళు రావడం తగ్గింది, షెడ్డు మూసి అతను కొత్తగూడెం వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు లోపలి నుంచి తుప్పు పైకి తేలితే "చూశారా, డ్రమ్ము రేకు," అన్నాడు నాన్న. ఆ కథనే నేను నా పిల్లలకు జాగ్రత్త నేర్పడానికి చెప్పుకున్నాను.

ఇప్పుడు తారు ఊడుతుంటే కింద చుక్కలు బయటపడ్డాయి. ఒక్కటీ చెదరలేదు, షెడ్డుల్లో వేసే గ్యాస్ అతుకు జాడ ఎక్కడా లేదు. ఇంకొంచెం గీకాను. తారు కాపాడినంత మేర రేకు మెరుస్తూ ఉంది. అందులో ఒక అడ్డగీత, రెండు నిలువుగీతలు.

రేకు ఊడదీసి, గీతున్న ముక్క కోసుకుని కొత్తగూడెం వెళ్ళాను. నాన్న ఇప్పుడు లేడు. యాకూబ్ ఉన్నాడు, చూపు మందగించింది. ఎవరి కొడుకునో చెప్పి ముక్క చేతిలో పెడితే, చుక్కల మీద వేలు పోనిచ్చి, గీత దగ్గర ఆపాడు.

"గిది ఆ రోజే చూసిన బిడ్డా. మస్తు మంది గీస్తరు గిట్ల."

"మరి తారు గీకి చూపించలేదేం మామా?"

"సూపిస్తె ఏమైతది? ఆ ఒక్క రేకుకు దొంగను కానంటరు. మల్ల బండి తెస్తె మల్ల గీస్తరు. ఎన్నిసార్లు సూపియ్యాలె?" ముక్క నా చేతికిచ్చేశాడు. "నాకు చెప్తె ఏం లాభం? నాకెర్కలేదా? జూలూరుపాడుల చెప్పు, పో."

వెళ్ళాను. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కళ్ళాలు ప్లాట్లయ్యాయి, దొప్పల్లో తునికిపండ్లు తెచ్చేవాళ్ళు రావడం లేదు. ఆనాడు హోటల్ ముందు నిలబడ్డవాళ్ళలో ఒక్క పెద్దాయన మిగిలాడు, ఆ హోటల్ ముందే కూర్చుని ఉన్నాడు. యాకూబ్ పేరు చెప్పాను.

"ఆఁ, రేకు దొంగ! ఎర్కలేకేం."

ముక్కను బల్ల మీద పెట్టి చుక్కలు, గీత, తారు అన్నీ వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. ముక్కను అటూ ఇటూ తిప్పాడు, గీత మీద గోరుతో గీకి చూశాడు.

"అవ్ గని బాబూ, గీ గీత ఆనాటిదేనని ఏంది నమ్మకం? మీరు మొన్న గీసింది కాదా?"

ముక్కను ఆయన చేతిలోంచి తీసుకున్నాను. యాకూబ్ నిలబడ్డ చోటే నేనూ నిలబడి ఉన్నాను.